సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్: పొద్దున డీ పట్టుకోవడం లేదు, ఘాట్ మలుపులో ఆర్‌పీఎం లేచిపోతోంది (తిరుపతి)

కోనేటి_గట్టు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఈ మధ్యే చెన్నైలో ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ తీసుకున్నాను. 2017 మోడల్, డీజిల్, 6 స్పీడ్ ఆటోమేటిక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఆ బ్రాండ్ మంచిదా చెడ్డదా అని పది పేజీలు కొట్టుకుంటారు, నా గేర్‌బాక్స్ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

సమస్య ఇదీ. పొద్దున స్టార్ట్ చేసి డీ (డ్రైవ్)లో వేస్తే వెంటనే పట్టుకోదు. కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ధడ్‌మని పడుతుంది. రివర్స్‌లో ఇంకా గట్టిగా. ఊళ్లో తిరిగేటప్పుడు రెండు నుంచి మూడుకు మారేచోట చిన్న కుదుపు. అసలు టెన్షన్ మొన్న కొండకు పోయినప్పుడు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఉన్నాం, డిక్కీ కూడా నిండుగా ఉంది. పైకెక్కే దారిలో మలుపు తిప్పుతుంటే ఆర్‌పీఎం ఒక్కసారిగా లేచింది, బండి మాత్రం లాగలేదు. మలుపు దాటాక మళ్లీ మామూలే. వెనక సీట్లోంచి అమ్మ "గోవిందా" అంది. అది భక్తితో అన్నది కాదు.

ఊళ్లో ఒక గ్యారేజీలో చూపిస్తే అతను ఒక రౌండ్ వేసి వచ్చి "గేర్‌బాక్స్ దింపాలి, లోపలి క్లచ్ ప్లేట్లు పోయుంటాయి, లక్షా ఇరవై అవుతుంది" అన్నాడు. డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగడం లేదు. దింపించేయాలా, ఆగాలా?

రేణిగుంట_రన్నర్:
ఆర్‌పీఎం లేచి బండి లాగలేదంటే స్లిప్ అవుతున్నట్టే బ్రో. ప్లేట్లే. డౌట్ ఉంటే స్టాల్ టెస్ట్ చేసి చూడు. బ్రేక్ గట్టిగా తొక్కి, డీలో పెట్టి, యాక్సిలరేటర్ ఫుల్. ఆర్‌పీఎం ఉండాల్సిన దానికంటే పైకి పోతే ప్లేట్లు అయిపోయినట్టు.

పుత్తూరు_కట్టు:
విరిగింది ఎముకయితే మా ఊరికి తీసుకురా, కట్టు కట్టి పంపిస్తాం. గేర్‌బాక్స్‌కు కట్టు ఇంకా కనిపెట్టలేదు. స్పానర్ మామను పిలవండి.

స్పానర్_మామ:
వచ్చినాను.

రన్నర్ తమ్ముడూ, అడిగినవాళ్లందరికీ స్టాల్ టెస్ట్ చెప్పొద్దు. మేం చేసినా ఐదు సెకన్లు దాటనివ్వం, చేశాక ఎన్ (న్యూట్రల్)లో పెట్టి ఆయిల్ చల్లారనిస్తాం. ఆ కాసేపు ఇంజిన్ శక్తి మొత్తం టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఆయిల్‌ను కాచడానికే పోతుంది. డ్యూయల్ క్లచ్ బండ్లకు, ఏఎంటీలకు (యంత్రమే క్లచ్ తొక్కే మాన్యువల్ గేర్‌బాక్సులు) అయితే ఆ టెస్ట్ జోలికే పోకూడదు, క్లచ్ కాలుతుంది. పైగా లోపల ఆయిల్ తక్కువుందో లేదో తెలియకుండా చేస్తే, అప్పటిదాకా బాగున్న ప్లేట్లు కూడా ఆ టెస్ట్‌తోనే పోతాయి.

కోనేటి నాయనా, లక్షా ఇరవై నీ జేబులోనే ఉండనీ. నువ్వు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే విలువైన మాట "మలుపు దాటాక మళ్లీ మామూలే" అన్నది. ప్లేట్లు అరిగిపోయిన బండి మలుపులో మాత్రమే జారి, నేరుగా ఎక్కేచోట బాగా లాగడం అంటూ ఉండదు. లోడ్ ఎక్కడ పడితే అక్కడ జారుతుంది, ముఖ్యంగా ఒకటే గేర్‌లో, ఆయిల్ వేడెక్కేకొద్దీ ఎక్కువగా. తిప్పుతున్నప్పుడు మాత్రమే జారుతోందంటే ఇంకో కారణం ముందు చూడాలి. గేర్‌బాక్స్ అడుగున సంపు ఉంటుంది, అందులో ఫిల్టర్ మూతి మునిగి ఉండాలి. ఆయిల్ తక్కువుంటే మలుపులో అంతా ఒక పక్కకు పోతుంది, ఫిల్టర్ మూతి బయటపడుతుంది, పంపు గాలి పీలుస్తుంది. గాలి పీలిస్తే ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ లేకపోతే ఎంత కొత్త ప్లేట్లయినా జారుతాయి.

అందుకని నాకు కొన్ని సంగతులు చెప్పు. అదే కొండ దారిలో నేరుగా ఎక్కేచోట, అంతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు జారిందా? ఎడమ మలుపా, కుడి మలుపా? పొద్దున ఆలస్యం అంటే ఎంత, ఒక సెకనా మూడా? ధడ్ అనేది పొద్దునేనా, బండి వేడెక్కాక కూడానా? ఇంతకుముందు ఎవరైనా గేర్ ఆయిల్ మార్చినారా?

మొగిలి_ఘాట్:
అన్నా, నేను చిత్తూరు బెంగళూరు ట్యాక్సీ తోలుతాను, రోజూ మొగిలి ఘాటే. ఒకటి గమనించు. ఎక్కుడులో ఆటోమేటిక్ బండి రెండుకీ మూడుకీ మధ్య ఊగులాడటం రోగం కాదు. కాలు కొంచెం తీస్తే పై గేర్ వేస్తుంది, లాగలేక మళ్లీ కిందికి దిగుతుంది. అప్పుడు కూడా ఆర్‌పీఎం లేస్తుంది, కానీ గేర్ నంబర్ మారుతుంది, బండి లాగుతుంది. మాన్యువల్ మోడ్‌లోకి లాగి రెండులోనో మూడులోనో పెట్టి ఎక్కితే ఆ ఊగులాట ఉండదు, ఆయిల్ కూడా తక్కువ వేడెక్కుతుంది. నీకు జరిగింది ఇదో, నిజంగా జారిందో ముందు తేల్చుకో. మాన్యువల్‌లో గేర్ నంబర్ కదలకుండా ఉన్నా ఆర్‌పీఎం లేచి వేగం పెరగలేదంటే అది జారడమే.

ఇంకో మాట. చెన్నై బండి అన్నావు. నీళ్లలో మునిగిందేమో చూసుకున్నావా?

కోనేటి_గట్టు:
మామా, నేరుగా ఎక్కేచోట లాగింది, అనుమానం లేదు. కుడి మలుపుల్లోనే జారింది. పొద్దున ఆలస్యం మూడు సెకన్ల దాకా ఉంటుంది. వేడెక్కాక ఆలస్యం తగ్గుతుంది కానీ ధడ్ పూర్తిగా పోదు. గేర్ ఆయిల్ సంగతి అమ్మినతన్ని కనుక్కుని చెబుతాను.

మొగిలి అన్నా, మాన్యువల్‌లోనే ఉన్నాను, డిస్‌ప్లేలో 2 అనే ఉంది. మునిగిందా అంటే భయమేస్తోంది, ఎలా చూడాలి?

మొగిలి_ఘాట్:
నీది 2017 మోడల్ కాబట్టి 2015 చెన్నై వరదలతో సంబంధం లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో చాలా బండ్లు మునిగినాయి. చెన్నైని అంటున్నాం కానీ 2021 నవంబరులో మన తిరుపతిలో వీధులే వాగులయినాయి, ఆ బండ్లూ ఎక్కడో ఒకచోట అమ్ముడుపోయే ఉంటాయి.

సీటు బెల్టును చివరిదాకా లాగు. లోపల దాగి ఉండే భాగంలో మట్టి గీత కనిపిస్తే మునిగినట్టే. బెల్టు మార్చేసే కేటుగాళ్లుంటారు, అందుకని సీటు పట్టాల కింద బోల్టులు, స్పేర్ టైర్ గుంత, కార్పెట్ కింద స్పాంజి చూడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర అడుగు.

ఓబీడీ_అక్క:
మొగిలి చెప్పినదానికి ఒకటి కలుపుతాను. గేర్‌బాక్స్ మీదుండే పెద్ద కనెక్టర్, దాని కంప్యూటర్ కనెక్టర్ ఊడదీసి పిన్నులు చూడాలి. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే ఎన్ని సోలినాయిడ్లు (ఆయిల్ దారులను తెరిచి మూసే కరెంటు వాల్వులు) మార్చినా జబ్బు పోదు. తీసేముందు బ్యాటరీ నెగటివ్ విప్పమను.

ఇక స్కానర్ సంగతి. లైటు వెలగలేదు కాబట్టి కోడ్ లేదు అనుకోవద్దు. గేర్‌బాక్స్ కంప్యూటర్ దాచుకున్న కోడ్లు వేరేగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ డాంగిల్ చాలాసార్లు ఇంజిన్ వరకే చదువుతుంది. అందులో పీ0700 వస్తే "గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను అడుగు" అని అర్థం తప్ప అది జబ్బు పేరు కాదు. ఆ ఒక్క కోడ్ చూసి గేర్‌బాక్స్ దింపినవాళ్లు ఉన్నారు. గేర్‌బాక్స్ లోపలి దాకా పోయే మంచి స్కానర్ ఉన్నచోటుకు వెళ్లు. పీ0730 అయితే గేర్ నిష్పత్తి తప్పింది, పీ0741 అయితే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు నేరుగా కలిపే పట్టు) పట్టడం లేదు, పీ0717 అయితే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సార్ నుంచి సిగ్నల్ లేదు. ఇలా ఒక దారి దొరుకుతుంది.

కోడ్ కంటే లైవ్ డేటా ముఖ్యం. నాలుగే చూడు: ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ ఆర్‌పీఎం (దాన్నే కొన్ని స్కానర్లు ఇన్‌పుట్ స్పీడ్ అంటాయి), అవుట్‌పుట్ స్పీడ్, ఆయిల్ టెంపరేచర్. ఇంజిన్‌కూ టర్బైన్‌కూ తేడా పెరిగితే జారుతున్నది టార్క్ కన్వర్టర్లో. టర్బైన్‌కూ అవుట్‌పుట్‌కూ లెక్క తప్పితే జారుతున్నది లోపలి క్లచ్‌లలో. ఉదాహరణకు మూడో గేర్ నిష్పత్తి 1.5 అనుకుందాం. అవుట్‌పుట్ 2000 తిరుగుతుంటే టర్బైన్ 3000 ఉండాలి. 3400 చూపిస్తే క్లచ్ జారుతున్నట్టు. ఈ లెక్క ఒక్కటి చేయగలిగితే రోడ్డు మీద రౌండ్ వేసి జోస్యం చెప్పేవాళ్లతో పనిలేదు. డ్రైవ్ చేస్తూ స్క్రీన్ చూడొద్దు, పక్కన ఒకరిని కూర్చోబెట్టి రికార్డ్ చేయించు.

రేణిగుంట_రన్నర్:
సరే అక్కా, మరి ఈ రికార్డింగ్ కోసం మళ్లీ కొండెక్కాలా?

ఓబీడీ_అక్క:
వద్దు. తిరుమల ఘాట్ టెస్టింగ్‌కు పనికిరాదు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి, 1944 నాటి మొదటిది దిగడానికి. మధ్యలో బండి మొరాయించినా వెనక్కి తిప్పే దారి లేదు, వెనక బస్సులు. భాకరాపేట ఘాట్‌కు పోండి, అటూ ఇటూ రావచ్చు, మలుపులకు కొదవలేదు. అదీ ఆయిల్ లెవెల్ చూసుకున్న తర్వాతే.

పాకాల_జంక్షన్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాది ఏఎంటీ. ఒకటి నుంచి రెండుకు పోయేటప్పుడు తల ఊగుతుంది, అప్పుడప్పుడు ఎన్ నుంచి డీలోకి పోనే పోదు, రెండు మూడుసార్లు అటూ ఇటూ కదిపితే పోతుంది. నేను కూడా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్పించాలా?

స్పానర్_మామ:
నీ బండిలో ఏటీఎఫ్ ఎక్కడుంది నాయనా మార్చడానికి. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, నీ బదులు క్లచ్ తొక్కి గేర్ మార్చే యంత్రం పైన కూర్చుని ఉంటుంది. మారుతీవాళ్లు ఏజీఎస్ పేరుతో 2014లో సెలేరియోలో పెట్టినప్పటి నుంచి మన రోడ్లమీద అందరికీ అలవాటయింది. లోపల మాన్యువల్ గేర్ ఆయిలే ఉంటుంది, యాక్చుయేటర్‌కు వేరే చిన్న డబ్బాలో హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది. ఒకటి రెండు మధ్య తల ఊగడం దాని పుట్టుక లక్షణం. మార్చే క్షణంలో కాలు కొంచెం వదులు, చాలావరకు పోతుంది.

డీలోకి పోకపోవడం మాత్రం చూడాల్సిందే. గేర్‌బాక్స్ జోలికి పోకముందు బ్రేక్ లైట్ స్విచ్ చూపించు. బ్రేక్ తొక్కినట్టు కంప్యూటర్‌కు తెలియకపోతే అది ఎన్ నుంచి కదలనివ్వదు. వెనక ఎవరినైనా నిలబెట్టి బ్రేక్ తొక్కు, లైటు ప్రతిసారీ వెలుగుతోందా? తర్వాత బ్యాటరీ. బ్యాటరీ నీరసపడితే ఏఎంటీ వేషాలన్నీ వేస్తుంది. ఆ రెండూ బాగుంటేనే క్లచ్ అరుగుదల, స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ (క్లచ్ ఎక్కడ పడుతుందో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం). ఇంకోటి, లీలామహల్ సర్కిల్లో ట్రాఫిక్ ఆగినప్పుడు ఎత్తు మీద బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడతారు చూడు, ఆ పని చేయొద్దు. ఏఎంటీ క్లచ్ పొడిది, అట్లా నిలబెడితే ఏడాదికే వాసన కొడుతుంది.

సీవీటీ వాళ్లు కూడా ఎవరైనా చదువుతుంటే ఈ చర్చంతా మీకు వర్తించదు. అందులో గేర్లే ఉండవు, బెల్టూ రెండు పుల్లీలూ. అక్కడ కుదుపు, ఊళ అంటే కథ వేరు. దాని ఆయిల్ వేరు, మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారుతుంది.

పుత్తూరు_కట్టు:
పాకాల అన్నా, స్విచ్ చూసి వచ్చి చెప్పు. కోనేటి అన్నా, ఎక్కడున్నావు? మామ నీ సమాధానం కోసం టీ కూడా తాగకుండా కూర్చున్నాడు.

కోనేటి_గట్టు:
ఇదిగో వచ్చాను. సీటు బెల్టు శుభ్రంగా ఉంది, కార్పెట్ కింద ఏమీ లేదు, కనెక్టర్ పిన్నులు మెరుస్తున్నాయి. మునిగిన బండి కాదు, ప్రాణం లేచి వచ్చింది.

అమ్మినతన్ని అడిగితే బిల్లు పంపాడు. నేను కొనడానికి కొద్ది ముందే గేర్ ఆయిల్ మార్పించాడట. అంటే ఆయిల్ కొత్తదే కదా మామా? అలాంటప్పుడు తక్కువ ఎందుకుంటుంది? కింద ఎక్కడా లీకు కూడా కనిపించలేదు, ఇంట్లో పార్కింగ్ చేసేచోట నేల పొడిగా ఉంది.

స్కానర్ కూడా పెట్టించాను. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఒక్క కోడ్ కూడా లేదు.

స్పానర్_మామ:
ఇప్పుడు కథ తెలుస్తోంది. కొత్త ఆయిల్ అన్నందుకే నాకు అనుమానం ఎక్కువైంది.

ఈ కాలపు 6 స్పీడ్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. లెవెల్ చూడటానికి పక్కన ఒక ప్లగ్ ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద నాలుగు వైపులా సమంగా ఎత్తాలి. ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతూ ఉండాలి. బ్రేక్ తొక్కి సెలెక్టర్‌ను (గేర్ లివర్‌ను) పీ (పార్క్) నుంచి డీ దాకా ఒక్కోచోట ఆపుతూ తిప్పి మళ్లీ పీకి తేవాలి. ఆయిల్ టెంపరేచర్ కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి. చాలా బండ్లకు అది 50 నుంచి 60 డిగ్రీలు, కొన్నిటికి ఇంకా తక్కువ. అది చేత్తో తాకి చెప్పే లెక్క కాదు, స్కానర్‌లో చూడాల్సిందే. అప్పుడు ప్లగ్ విప్పితే సన్నగా చుక్కచుక్కగా కారాలి. ధారగా కారితే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ.

మరి బయట జరిగేదేమిటి? ఇంజిన్ ఆపేసి ప్లగ్ విప్పుతారు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, పైన తిరుగుతుండే ఆయిల్ కొంత కిందికి సంపులోకి దిగుతుంది, లెవెల్ పైకి కనిపిస్తుంది. ప్లగ్ విప్పగానే ఆయిల్ కారుతుంది. "చూడండి సార్, నిండుగా ఉంది" అని బిగించేస్తారు. ఇంజిన్ స్టార్ట్ చేశాక అదే ఆయిల్ పైకి పోతుంది, కింద ఖాళీ. ఇంకో రకం వాళ్లు బండి బాగా తిరిగి వచ్చినప్పుడు, ఆయిల్ 90 దాటి ఉబ్బి ఉన్నప్పుడు విప్పుతారు. అప్పుడూ అవసరమైన ఆయిలే బయటికి పోతుంది. రెండూ తక్కువ దగ్గరికే తీసుకుపోతాయి.

నీ మూడు లక్షణాలూ దీనికి సరిపోతున్నాయి. పొద్దున పట్టుకోవడానికి ఆలస్యం, కుడి మలుపులో జారడం, మధ్యలో కుదుపు. మామూలుగా డీకి ఒకటి, ఆర్‌కు ఒకటిన్నర సెకను దాకా పట్టినా పట్టించుకోను. మూడంటే ఎక్కువ.

ధడ్ మాత్రం పూర్తిగా దీని ఖాతాలో వేయను. వేడెక్కాక కూడా ఉందన్నావు. బానెట్ ఎత్తు. ఒకరు లోపల కూర్చుని హ్యాండ్‌బ్రేక్, ఫుట్‌బ్రేక్ రెండూ గట్టిగా పట్టి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఎన్ నుంచి డీ, డీ నుంచి ఆర్ మార్చాలి. నువ్వు బండి ముందు నిలబడకు, పక్కన నిలబడి ఇంజిన్‌ను చూడు. కొంచెం కదలడం మామూలే. ఎగిరి కొట్టుకున్నట్టు కదిలితే ఇంజిన్ మౌంటు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మె) చిరిగింది. డీజిల్ బండి, ఏడెనిమిదేళ్లది, మౌంటు పోవడంలో వింత లేదు. మౌంటు ధడ్‌ను గేర్‌బాక్స్ ధడ్ అనుకుని ఎన్ని గేర్‌బాక్సులు దింపినారో.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు డీజిల్ ఐడిల్ కాస్త ఎక్కువుంటుంది, అప్పుడే డీలో వేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆర్‌పీఎం దిగేదాకా ఆగి వెయ్యి, కొంత తేడా అక్కడే తెలుస్తుంది.

కోనేటి_గట్టు:
మామా, మౌంటు సంగతి నిజం. మా తమ్ముణ్ని లోపల కూర్చోబెట్టి చూశాను. ఆర్‌లో వేయగానే ఇంజిన్ ఒక పక్క లేచి మళ్లీ కూర్చుంటోంది. టార్చి వేసి చూస్తే గేర్‌బాక్స్ వైపు మౌంటు రబ్బరు అడ్డంగా చీలి ఉంది, చీలికలో వేలి గోరు పడుతుంది.

లెవెల్ రేపు చూపిస్తాను. ఇంకో గ్యారేజీ దొరికింది, అతని దగ్గర స్కానరూ ఉంది, లిఫ్టూ ఉంది. ఫోన్లో "ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూస్తారా" అని అడిగితే "ఇంకెలా చూస్తారు" అన్నాడు. ఆ మాటతో నమ్మకం కుదిరింది.

స్పానర్_మామ:
పొద్దున పది లోపే తీసుకుపో. ఈ ఎండలకు మధ్యాహ్నం బయట నిలిపిన బండిలో ఇంజిన్ తిప్పకముందే ఆయిల్ 40 దాటి ఉంటుంది, లిఫ్ట్ ఎక్కించి సెలెక్టర్ తిప్పే లోపల హద్దు దాటిపోతుంది, మళ్లీ చల్లారేదాకా కూర్చోవాలి.

ఒక తెల్లటి గుడ్డ తీసుకుపో. ప్లగ్ విప్పినప్పుడు ఒక చుక్క దానిమీద వేయించు. ఎర్రగా ఉందా, గోధుమ రంగా? మాడు వాసనా? వేళ్ల మధ్య రుద్దితే మెరుపు రజను తగులుతోందా? గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిసినట్టు, అప్పుడు ఇంటికి కూడా తోలొద్దు. ఎంత ఆయిల్ పట్టిందో కొలిచి రాసుకో. ఏ ఆయిల్ పోస్తున్నారో డబ్బా మీద స్పెసిఫికేషన్ నువ్వే చదువు, మాన్యువల్‌లో ఉన్నదానితో సరిపోవాలి. హ్యుందాయ్ 6 స్పీడ్‌కు ఎస్‌పీ-4 అంటారు, టయోటా వాటికి డబ్ల్యూఎస్ అంటారు, ఎవరిది వారిదే. "అన్ని బండ్లకూ ఒకటే సార్" అనేవాడి దగ్గర ఆగొద్దు.

రేణిగుంట_రన్నర్:
మామా, అసలు చాలా కంపెనీలు లైఫ్‌టైమ్ ఆయిల్ అంటాయి కదా, ముట్టుకోకుండా వదిలేస్తే పోయేదేమో?

స్పానర్_మామ:
ఎవరి లైఫ్ అని అడగాలి. మాన్యువల్‌లో మామూలు వాడకానికి ఒక కాలమ్, కఠిన వాడకానికి ఇంకో కాలమ్ ఉంటాయి. కొండ దారులు, ఎండ, ఆగి ఆగి పోయే ట్రాఫిక్ రెండో కాలమ్‌లోకే వస్తాయి. తిరుపతిలో ఉండి నేను మామూలు వాడకం అంటే కుదరదు. అయితే ఒక్కసారి విప్పి పోస్తే ఆయిల్ మొత్తం మారదు, సగం దాకా కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్ల తేడాతో రెండు మూడు విడతలుగా మారుస్తాం. ఎక్కువ తిరిగిన బండికి మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయడం నాకు నచ్చదు, అది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉన్నారు.

మొగిలి_ఘాట్:
అమ్మేవాళ్ల తెలివి కూడా చెప్పాలి. ఆటోమేటిక్ చూడటానికి పోయేముందు ఫోన్ చేసి "స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి, ఎందుకంటే ఆలస్యాలు, కుదుపులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. తర్వాత చంద్రగిరి వైపు హైవే మీద 60 నుంచి 80 మధ్య కాలు తేలిగ్గా పెట్టి తోలండి. రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు సన్నగా వణికితే కన్వర్టర్ లాకప్ దగ్గర తేడా ఉంది. సెల్లర్ టైర్ బ్యాలెన్సింగ్ అంటాడు. కాలు ఇంకొంచెం తొక్కండి, లాకప్ విడిపోయి వణుకు టక్కున ఆగితే అది టైరు కాదు.

దిగేటప్పుడు ఎన్‌లో వేసి దింపే అలవాటున్నవాళ్లు మానుకోండి. డీజిల్ మిగలదు, బ్రేకులు కాలుతాయి. మాన్యువల్ మోడ్‌లో రెండో మూడో పెట్టుకుంటే ఇంజినే పట్టుకుంటుంది.

కోనేటి_గట్టు:
పని అయింది. వివరంగా రాస్తున్నాను.

లిఫ్ట్ మీద పెట్టి, స్కానర్‌లో 54 డిగ్రీలు చూపించినప్పుడు ప్లగ్ విప్పాడు. ఒక్క చుక్క రాలేదు. పైనుంచి పోయడం మొదలుపెడితే ముప్పావు లీటరు దాటాక గానీ కారలేదు. అతను ప్లగ్ బిగిస్తూ "ఇంత తక్కువతో కొండెక్కించినారా సార్" అన్నాడు. అప్పుడు కారిన ఆయిల్ గుడ్డ మీద ఎర్రగానే ఉంది, కాస్త నల్లబడింది, మాడు వాసన లేదు, రజను తగల్లేదు. మౌంటు కూడా మార్చాడు.

ఈ రోజు పొద్దున డీ ఒక్క సెకనులో పట్టింది. ధడ్ లేదు. అక్క చెప్పినట్టు తమ్ముడి చేతికి స్కానర్ ఇచ్చి భాకరాపేట ఘాట్ ఎక్కాం. కుడి మలుపుల్లో టర్బైన్, అవుట్‌పుట్ లెక్క ఎక్కడా తప్పలేదు. ఆయిల్ పైదాకా ఎక్కినా 96 దాటలేదు.

ఒక్కటి మిగిలింది. రెండు నుంచి మూడుకు పోయేచోట, తేలిగ్గా తొక్కినప్పుడు, ఇంకా చిన్న కుదుపు ఉంది. ముందున్నంత లేదు.

ఓబీడీ_అక్క:
ఆ రికార్డింగ్ ఇక్కడ పెట్టు, రెండు మూడు మారేచోట టర్బైన్ ఆర్‌పీఎం దిగకముందు పైకి లేస్తోందా చూద్దాం. లేవకుండా నేరుగా దిగి కుదుపు వస్తే, జారడం కాదు, పట్టు కాస్త గట్టిగా వేస్తోందన్నమాట. ఇన్నాళ్లూ ప్రెషర్ తక్కువగా ఉంటే దానికి తగ్గట్టు కంప్యూటర్ పట్టు బిగించి నేర్చుకుని ఉంటుంది. ఇప్పుడు ఆయిల్ సరిపోయినా పాత లెక్కే వాడుతోంది.

స్పానర్_మామ:
అక్క చెప్పింది సరే. స్కానర్‌తో అడాప్షన్ రీసెట్ (కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్క చెరిపేయడం) చేయించు. చేయించాక కంపెనీ చెప్పిన పద్ధతిలో తోలాలి, తేలిక కాలితో, మధ్యస్థంగా, ఒక్కో గేర్ గుండా ఒకటికి నాలుగుసార్లు పోవాలి. మొదటి రోజు కుదుపులు ఎక్కువైనా కంగారు పడొద్దు, అది నేర్చుకుంటోంది. వారం తోలినా పోకపోతే అప్పుడు వాల్వ్ బాడీ (ఆయిల్ ప్రెషర్‌ను క్లచ్‌లకు పంచే భాగం), సోలినాయిడ్ల మాట ఎత్తుదాం. అది కూడా గేర్‌బాక్స్ దింపకుండా కిందనుంచే చాలావాటిలో తీయొచ్చు.

బండి అమ్మినతను పోయించిన పాత ఆయిల్ ఏ రకమో బిల్లులో ఉందా?

కోనేటి_గట్టు:
బిల్లులో "గేర్ ఆయిల్" అని మాత్రమే ఉంది మామా. రకం లేదు, లీటర్లు లేవు.

స్పానర్_మామ:
అయితే దాన్ని నమ్మి తోలొద్దు. ఇప్పుడు కలిసినదాన్ని ఒక ఐదారు వందల కిలోమీటర్లు తిప్పి విప్పేయించు. సరైన ఆయిల్‌తో ఇంకో రెండు విడతలు మార్పించు. రీసెట్ ఇప్పుడు చేయించకు, చివరి విడత అయ్యాక చేయించు. లేకపోతే తెలియని ఆయిల్‌తో నేర్చుకున్నది మళ్లీ చెరిపేయాలి. విప్పినప్పుడు యాక్సిల్ సీళ్లు రెండు వైపులా తడిగా ఉన్నాయేమో చూడమను. నేల పొడిగా ఉందన్నావు కానీ కింద ప్లాస్టిక్ కవర్ ఉంటే ఆయిల్ దాని మీదే నిలుస్తుంది, నేల మీద పడదు.

కోనేటి_గట్టు:
కవర్ ఉంది మామా. అది విప్పి చూడలేదు. ఆదివారం విప్పిస్తాను.

పాకాల_జంక్షన్:
నాది బ్రేక్ స్విచ్చే. రెండుసార్లకు ఒకసారి వెనక లైటు వెలగడం లేదు. స్విచ్ మార్చాక డీలోకి టక్కున పోతోంది. తల మాత్రం ఊగుతూనే ఉంది.

స్పానర్_మామ:
కాలు వదులు నాయనా, మార్చే క్షణంలో కాలు వదులు.